లింగం ఇంటికి రెండు మార్కులు

పటాన్‌చెరు,
జూన్ 5

మాన్యులు లింగం గారికి,

సమతల కన్‌స్ట్రక్షన్స్ తరఫున తేజస్విని నమస్కరించి రాసేది.

వెలిమెలలో మీ కోసం మా కంపెనీ కడుతున్న ఇల్లు దాదాపు పూర్తయిందని తెలపడానికి సంతోషిస్తున్నాను. నేను ఇక్కడ నాణ్యత, కస్టమర్ల సంతృప్తి చూసుకునే ఇంజనీరును. కొత్తగా చేరాను. గోడ తిన్నగా ఉందా, తలుపు సరిగ్గా పడుతోందా అని చూడటం నా పనిలో సగం. ఇంటివాళ్లు సంతోషంగా ఉన్నారా అని కనుక్కోవడం మిగతా సగం. మొదటి సగానికి నా దగ్గర బోలెడు పరికరాలున్నాయి. రెండో సగానికి ఈ కాగితం ఒక్కటే ఉంది.

గోడలు, నేల, తలుపులు, మా పనివాళ్ల మర్యాద. ఒక్కోదానికి పదికి ఎన్ని మార్కులో వేసి పంపండి. ఆరు, అంతకంటే ఎక్కువ వస్తే తాళాలు మీ చేతికిస్తాం. ఆరుకు తగ్గితే ఆ పని సరిదిద్దాకే తాళాలివ్వాలన్నది కంపెనీ నియమం. మొహమాటం లేకుండా మనసులో మాట రాయండి.

విధేయురాలు,
తేజస్విని

తా.క.: ఇదంతా ఫోన్లోనే అడగాల్సింది. కానీ మా కాల్ సెంటర్ వాళ్లు "మీ కాల్ మాకెంతో ముఖ్యం" అని పాట పెడితే, "ముఖ్యమైతే మాట్లాడాలె గని పాడుడెందుకు?" అని కోప్పడి మీరు పెట్టేశారట. అందుకని ఉత్తరం.

*

బీరంగూడ,
జూన్ 9

ఇంజినీర్ మేడంకు,

జిన్నారం లింగం రాసుడు ఏందంటె, ఇక్కడ నేను, మా ఇందిరమ్మ, కొడుకు సాయికిరణ్, కోడలు, మనుమరాలు నిషిత, అందరం మంచిగున్నం. మీరు కట్టిన ఇల్లొక్కటే మంచిగ లేదు.

మార్కులడిగిండ్రు గద, రాసుకోండ్రి. గోడలకు రెండు. నేలకు రెండు. తలుపులకు రెండు. మీ పనోళ్ల మర్యాదకు గూడ రెండే, వాళ్లకెందుకు ఎక్కువియ్యాలె?

గోడలు ఏదో ఉన్నయంటె ఉన్నయి. హాల్ల గోడ అయితె సూడబుద్ధి గాదు. నేల గూడ గంతే. మొఖం కనవడ్తది అన్నరు. కనవడ్తది గని ఏం మొఖం? నా మొఖమే గద. దర్వాజ మరీ పెద్దగున్నది, గంత పెద్దది ఎవలడిగిండ్రు? ఇన్నేండ్లు కిరాయింట్ల ఉన్నోళ్లం, ఏదో ఇంత తలదాచుకుంటం. వెలిమెలల ఆ జాగ మా ఇందిరమ్మకు తల్లిగారిచ్చింది. ఆమె అన్నదమ్ములు, వదినెలు అందరు గాడనే ఉంటరు, వచ్చేటప్పుడొకసారి పోయేటప్పుడొకసారి తొంగిచూస్తరు. అందుకే గట్టిగ చెప్తున్న, ఇల్లు ఏం మంచిగ లేదు. ఈ ముచ్చట నలుగురికి తెల్సినా నాకేం ఫికర్ లేదు.

శ్రావణం మొదటి బుధవారం గృహప్రవేశానికి ముహూర్తం పెట్టిచ్చినం. ఆ దినం తప్పితె ఇందిరమ్మ పేరు మీద మల్ల మంచి దినం ఇప్పట్ల లేదన్నడు పంతులు. తాళాలు గప్పటికి చేతిల పెట్టుండ్రి, గంతే.

ఇగ ఉంట,
లింగం

తా.క.: మా ఇందిరమ్మ దినాం ఆటో ఎక్కి ఇల్లు సూడవోతున్నది. నిన్న హాల్ల గోడకు చెంప ఆనిచ్చి శానసేపు నిలవడ్డది. ఏందే అంటె "సల్లగున్నది" అన్నది. ఈ మాట మీరు రాసుకోవద్దు.

*

పటాన్‌చెరు,
జూన్ 18

గౌరవనీయులైన లింగం గారికి,

తేజస్విని భయభక్తులతో రాసేది. మీ ఉత్తరం అందిన రోజు మా ఆఫీసులో ఎవరికీ అన్నం సయించలేదు. సమతల పుట్టాక ఇంత తక్కువ మార్కులు ఎవరూ వేయలేదు.

మర్నాడే రసమట్టం, తూకం గుండు పట్టుకుని వెలిమెల వెళ్లాను. గోడ వెంట్రుకవాసి కూడా తప్పలేదు. కానీ ఇల్లు బాగుందో లేదో చెప్పాల్సింది రసమట్టం కాదు, ఇంటి యజమాని అని మా జనరల్ మేనేజర్ కామేశ్వరరావు గారు ఆఫీసు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించారు. కాబట్టి మీ ఫిర్యాదులన్నిటి మీదా చర్య తీసుకున్నాం.

చూడబుద్ధి కాదన్న హాలు గోడకు ప్లాస్టరింగ్ మొత్తం గీకించేశాం. సింహద్వారం పెద్దదైందన్నారు కాబట్టి తలుపు ఊడదీసి, చిన్నది చేయించడానికి వడ్రంగి షెడ్డుకు పంపాం. నేలలో మీ ముఖం కనబడటం మీకు ఇష్టం లేదని అర్థమైంది. మెరుపు చంపే మందేదో ఉందట, తెప్పిస్తున్నాం. పనివాళ్లకు మర్యాద మీద శిక్షణ ఇప్పించాం. ఇప్పుడు ఇటుక అందించాలన్నా ఒకరికొకరు "దయచేసి" అంటున్నారు. పని సగానికి పడిపోయింది కానీ వినడానికి ఎంతో హాయిగా ఉంది.

ఇక కొత్త మార్కులు పంపండి.

మీ సంతృప్తే ధ్యేయంగా,
తేజస్విని

తా.క.: నేనింకా పర్మనెంట్ కాలేదు. మీ ఫైలు ఆరు మార్కులతో ముగిస్తేనే ఉద్యోగం ఖాయం చేస్తామన్నారు. ఇది మిమ్మల్ని ఒత్తిడి చేయడానికి రాయడం లేదు. కొంచెం చేయడానికే.

*

బీరంగూడ,
జూన్ 22

తేజస్విని మేడంకు,

లింగం గుండె బాదుకుంట రాస్తున్నడు.

ఎవ్వలు గీకమన్నరు మేడం ఆ గోడను? నేను మంచిగ లేదన్న గని గీకుమన్ననా? నిన్న ఇందిరమ్మ పోయి సూస్తె గోడ ఈకలు పీకిన కోడి లెక్క ఉన్నదట. దర్వాజ లేదట, కుక్క లోపలికి వచ్చి పండుకున్నదట. వచ్చి ఇంత బువ్వ గూడ తినలే. "నువ్వు రాసిన రాతలకే గిట్లయింది" అని నన్నే తిట్టింది.

మీకు మా దిక్కు సంగతి తెల్వనట్టున్నది. పంట ఇరగకాసినా, ఎట్లున్నదే అని అడిగితె "ఏదో గింతంత" అంటరు. బర్రె చెంబులకు చెంబులు పాలిస్తున్నా "ఏమిస్తున్నది, చాయకే సాలుతలేవు" అంటరు. గట్లనే నేను గోడకు రెండేసిన. రెండంటె మస్తు. జల్ది పోయి ఎట్లున్న గోడ అట్ల చెయ్యుండ్రి, దర్వాజ తెచ్చి పెట్టుండ్రి. మెరుపు చంపే మందు తెచ్చినోడు నా కండ్ల పడొద్దు.

ఇగ నేను నంబర్లెయ్య. అన్ని గడులల్ల "నడుస్తది" అని రాసిన. మా ఊళ్లె ఇంతకంటె పెద్ద మెచ్చుకోలు లేదు. పెండ్లిచూపులల్ల ఇందిరమ్మను సూసి మా నాయనతోని గదే మాట అన్న. ఇయ్యాల్టి దాంక నడుస్తనే ఉన్నది.

పరేషాన్‌ల ఉన్న,
లింగం

తా.క.: ఇందిరమ్మ మేడ మీద దిష్టిబొమ్మ కట్టిచ్చింది. నాలికె బయటికి, కండ్లు ఎర్రగ. అచ్చం మా బావమరిది. ఆయన దాని కిందనే నిలవడి "ఎవలిదే ఈ బొమ్మ, మంచిగ చేసిండు" అన్నడు.

*

పటాన్‌చెరు,
జులై 1

లింగం గారికి,

తేజస్విని తలదించుకుని రాసేది.

ముందు మంచివార్త. గోడ మళ్లీ ప్లాస్టరింగ్ అవుతోంది. వడ్రంగి ఇంకా రంపం పట్టలేదు, తలుపు ప్రాణాలతో బయటపడింది.

ఇక రెండోది. మా కంప్యూటరుకు అంకెలే తెలుసు, "నడుస్తది" తెలియదు. అంకె లేదు కాబట్టి అన్నిటికీ సున్నా అని రాసుకుంది. రెండుకు మా దగ్గర సరిదిద్దడమే, సున్నాకు మాత్రం అత్యవసర దళం బయల్దేరుతుంది. ఆ రోజు నేను జిన్నారంలో మరో సైటులో ఉన్నాను. దళం హెల్మెట్లు పెట్టుకుని మీ ఇంటికి వెళ్లింది. మా సేఫ్టీ ఆఫీసరు నాగపూర్ నుంచి కొత్తగా వచ్చారు. "మేడపై ప్లానులో లేని, గడ్డి కూరిన ఆకారం. గుమ్మానికి వేలాడుతున్న బరువైన కాయ, తల మీద పడే ప్రమాదం" అని రాసి, రెండూ దింపించేశారు. నేనుంటే అది దిష్టిబొమ్మ మహాప్రభో అని చెప్పేదాన్ని. కాగితం మీదికి ఎక్కిందాన్ని దించడం మా ఆఫీసులో ఎవరి తరమూ కాదు.

బొమ్మ స్టోర్‌రూములో క్షేమంగా ఉంది. గుమ్మడికాయను మాత్రం తిరిగి ఇవ్వలేం. ఒడిశా నుంచి వచ్చిన మా పనివాళ్లు దాన్ని కూర వండుకున్నారు. రుచికి పదికి పది వేశారు.

పెద్దమనసు చేసుకుని ఒక్క ఆరు వేయకూడదా? ముహూర్తం నాకూ గుర్తుంది. తాళాలు ఇవ్వాలని మీకంటే నాకే తొందరగా ఉంది.

మీ శ్రేయోభిలాషి (నిజంగానే),
తేజస్విని

తా.క.: బొమ్మను ఎదురుగా పెట్టినప్పట్నుంచీ స్టోర్ కీపర్ ఆ గదిలోకి వెళ్లడం మానేశాడు. మూడు సైట్లకు సిమెంటు ఆగిపోయింది.

*

బీరంగూడ,
జులై 6

మేడంకు,

లింగం కోపంతోని రాస్తున్నడు. మెల్లగ సదువుండ్రి.

మీరు బొమ్మను దించిన తెల్లారే మా ఇందిరమ్మ పెద్దవదినె వచ్చింది. బొమ్మ లేదు, గుమ్మడికాయ లేదు, అడ్డమే లేదు. వాకిట్ల నిలవడి "ఎంత ముద్దుగున్నదే ఇందిరా, మహల్ లెక్కున్నది!" అన్నది. గంతే. పొద్దుమీకే బోరు మోటరు కాలిపోయింది. కొత్త మోటరు, మేడం! సాయికిరణ్ ఫ్యాక్టరీల పనిచేస్తడు గద, వాడు "కరెంటు ఎక్కువ తక్కువైంది నాయినా" అంటడు. కరెంటు నిన్న గూడ ఉండె, మొన్న గూడ ఉండె. వదినె ఒక్కతే కొత్తగ వచ్చింది.

నరుని కన్నుకు నల్లరాయి గూడ పగుల్తది. మంచిగున్నదాన్ని మంచిగున్నది అంటె అది మంచిగుండది. అందుకే రెండేసిన. అందుకే నడుస్తదన్న. లోపల్లోపల నేనెంత ఖుష్ ఉన్ననో అది నాకు, ఇందిరమ్మకు తెలిస్తె సాలు. మీ కంపెనీకి ఎందుకు?

ఇగ అసలు మాట. మొదలు ఆ బొమ్మను ఉన్నకాడ కట్టుండ్రి. గని బొమ్మ ఎన్నాళ్లుంటది, వానకు నానితె పోతది. ఇల్లు ఉండాలె గద. అందుకని నా ఇంట్ల బాజాప్తా ఒక తప్పు చెయ్యుండ్రి. గడప దాటంగనే కండ్లు పడే జాగల ఒక్క టైలు వంకర పెట్టుండ్రి. వచ్చినోళ్ల కన్ను దాని మీదికి పోతది, మిగిలిన ఇల్లు బతికిపోతది.

ఎంత వంకర అని అడుగుతరు మీరు, నాకు తెల్సు. చుట్టం సూస్తె నవ్వాలె, మేస్త్రి సూస్తె ఏడ్వాలె. గంత.

గది చేస్తె ఆరు మార్కులు. ఇందిరమ్మ మీద ఒట్టు.

లింగం

తా.క.: ఆరు మార్కులు మా వంశంల ఎవ్వలు ఎవ్వలికియ్యలే. సాయికిరణ్‌కు గూడ నాలుగే.

*

పటాన్‌చెరు,
జులై 21

లింగం పెదనాన్న గారికి,

ఇలా పిలుస్తున్నందుకు ఏమీ అనుకోకండి. తేజస్విని నమస్కారాలు.

మా తాతయ్య వెంకటరామయ్య గోదావరి ఒడ్డు నుంచి ఇక్కడి ఫ్యాక్టరీ ఉద్యోగానికి వచ్చి, బీరంగూడలోనే స్థిరపడిపోయిన మనిషి. మీ ఉత్తరం చదివి వినిపిస్తే "నీకు చదువు చెప్పినవాళ్లు ఈయన్ని అడిగి చెప్పాల్సింది" అన్నారు. మోటారు మా ఖర్చుతో మార్పించాం. బొమ్మ మేడెక్కింది. స్టోర్ కీపర్ స్వయంగా ఆటోకు చేయి అడ్డం పెట్టి ఎక్కించాడు.

టైలు కథ వినండి. మా కంపెనీలో తప్పు చేయడం తేలిక, అనుమతి తీసుకుని చేయడం కష్టం. "అనుమతించిన లోపం" అని ఒక దరఖాస్తు రాశాను. కారణం ఏమిటన్న చోట "కస్టమర్ రక్షణ" అని పెట్టాను. కామేశ్వరరావు గారు భోజనానికి లేస్తూ చదవకుండానే సంతకం చేశారు.

టైలు మేస్త్రి పెద్దరాములు మాత్రం ఒప్పుకోలేదు. బతిమాలితే వంకరగానే మొదలుపెట్టాడు. నొక్కి, తట్టి, చేయి తీసేసరికి టైలు తిన్నగా ఉంది! మళ్లీ పెట్టాడు. మళ్లీ తిన్నగానే వచ్చింది. "నా చెయ్యి నా మాట ఇంటలేదు మేడం. రేపు గీ వంకర ఎవడు పెట్టిండంటె నా పేరే చెప్తరు గద" అని తాపీ కింద పెట్టి చాయ్‌కి వెళ్లిపోయాడు.

ముహూర్తం ముంచుకొస్తోంది. నేనే తాపీ పట్టాను. ఇంజనీరింగ్ కాలేజీలో నాకు అన్నీ నేర్పారు కానీ ఇది నేర్పలేదు. పెదనాన్నా, నిజం చెబుతున్నాను, నేను వంకర పెట్టడానికి ప్రయత్నించలేదు. తిన్నగా పెట్టాలనే శాయశక్తులా ప్రయత్నించాను. పెద్దరాములు తిరిగొచ్చి, ఒక్కసారి చూసి, గోడ వైపు తిరిగిపోయాడు. ఏడ్చాడో లేదో తెలియదు, భుజాలు మాత్రం కదిలాయి.

మీ ఒట్టు నమ్మి, మార్కులు రాకముందే తాళాలు ఈ ఉత్తరంతోనే పంపుతున్నాను. గృహప్రవేశం రోజు నాకు జిన్నారంలో స్లాబు పని ఉంది, రాలేను.

మీ
తేజస్విని

తా.క.: ఎవరి కాలికీ తగలదు, అంచు లేవలేదు. సేఫ్టీ ఆఫీసరు దాని మీద గంతులేసి మరీ చూశారు.

*

వెలిమెల,
ఆగస్టు 1

బిడ్డ తేజస్వినికి,

కొత్తింట్ల కూసోని నీ పెద్దనాయిన రాస్తున్నడు.

పాలు పొంగిచ్చినం. వానొచ్చింది, ఒక్క సుక్క లోపలికి రాలే. అదట్ల ఉండనియ్, నీ టైలు ముచ్చట చెప్త.

గడప దాటినోళ్లు దాటినట్టు అక్కడనే ఆగిండ్రు. "అయ్యో లింగం, గింత కట్టిచ్చుకుంటివి, వాకిట్లనే వంకర పడ్డదేందిరా?" అని ఒకలు. "మేస్త్రి తాగి వచ్చిండా?" అని ఇంకొకలు. నేను మొఖం గింతంత చేసుకోని "ఏం జేస్తమే, మన నసీబు" అన్న. హాలు ఎవ్వలు సూడలే, దర్వాజ ఎవ్వలు సూడలే. పెద్దవదినె అయితె ఆ టైలు ముంగట పీట ఏసుకోని కూసుండి, సంబురంగ రెండుసార్లు కూర ఏయించుకున్నది. ఆమె గంత సంతోషంగ తినంగ నేను ఎన్నడు సూడలే. ఇల్లు మాత్రం బేఫికర్.

మాట ప్రకారం మార్కులు పంపుతున్న. గోడలకు ఆరు, నేలకు ఆరు, తలుపులకు ఆరు. పనోళ్లకు గూడ ఆరే, ఆ గుమ్మడికాయ సంగతి మాఫ్ చేసిన.

భక్షాలు పంపిన, మీ తాతకు గూడ పెట్టు. పైలం బిడ్డా.

నీ పెద్దనాయిన,
లింగం

తా.క.: ఆ టైలు ఎవలు పెట్టిండ్రంటె ఇందిరమ్మ నీ పేరు చెప్పింది. మా బావమరిది కొడుకు వెంటనే "పిల్లకు పెండ్లయిందా?" అని అడిగిండు. వాడు గూడ గట్లనే ఉంటడు, కొంచెం వంకర.

*

పటాన్‌చెరు,
ఆగస్టు 8

పెదనాన్న గారికి,

భక్షాలు (మేం బొబ్బట్లంటాం) మా ఇంట్లో ఒక పూట కూడా నిలవలేదు.

మీకు చెప్పకూడదనే అనుకున్నాను. కానీ ఎవరైనా మీ ఇంటికి వచ్చి టైలు ఫోటోలు తీస్తే మీరు కంగారు పడతారని రాస్తున్నాను. మా కంపెనీ నాణ్యత సర్టిఫికెట్ ఈ నెలతో ముగుస్తోంది. కొత్తది ఇవ్వాలా వద్దా అని తేల్చడానికి సునీల్‌కుమార్ గారని బయటి నుంచి ఆడిటరు వస్తున్నారు. ఆ సర్టిఫికెట్ లేకపోతే ఈ చుట్టుపక్కల ఏ ఫ్యాక్టరీ మాకు పని ఇవ్వదు.

మా మిగతా ఇళ్ల ఫైళ్లన్నిట్లో పదికి పది ఉంది. తాళాలిచ్చేటప్పుడు ఖాళీ కాగితం మీద సంతకం పెట్టించుకుంటారు. పదులు వేసే చెయ్యి ఎవరిదో నేను అడగలేదు, వాళ్లూ చెప్పలేదు. మీ ఫైలొక్కటే పాలకుండలో విషపు చుక్కలా ఉందట. రెళ్లు, సున్నాలు, చివరికి ఆరు, మధ్యలో దిష్టిబొమ్మ. దానికి తోడు టైలు వంకరగా పెట్టింది స్వయంగా నాణ్యత ఇంజనీరే. "నాణ్యత చూడమని జీతమిస్తే చేజేతులా చెడగొట్టావు" అన్నారు కామేశ్వరరావు గారు. ఆడిటరు ముందు నన్నే జవాబు చెప్పుకోమన్నారు. ఆరు వచ్చినా సరే, ఆ తర్వాత ఉద్యోగం ఉండదనే అర్థం.

మీరు బాధపడకండి. నేను పెట్టిన టైలు ఒక ఇంట్లో ఉంది. అది చాలు.

మీ
తేజస్విని

తా.క.: చాలదు. ఊరికే అలా రాశాను. నాకు ఈ ఉద్యోగమంటే చాలా ఇష్టం.

*

వెలిమెల,
ఆగస్టు 11

బిడ్డ తేజస్వినికి,

నీ ఉత్తరం ఇందిరమ్మకు సదివి వినిపిచ్చిన. నేను కొత్త కాగితం తీసి గోడలకు తొమ్మిది ఎయ్యవోయిన. నజర్ యాదికొచ్చి కలం కింద పెట్టిన. ఇందిరమ్మ దిక్కు సూసిన, ఆమె తిడ్తదనుకున్న. ఆమె ఏమన్నదో ఎరుకేనా? "తొమ్మిదెందుకు, పదెయ్యి. ఇంటికి నజర్ తాకితె మల్ల కట్టుకుంటం. పిల్ల కొల్వు పోతె ఎవలు తెచ్చిస్తరు?" అన్నది.

అందుకే వేస్తున్న. గోడలకు పది. నేలకు పది. తలుపులకు పది. మర్యాదకు పది. ఇగ నా పుట్టుకల మొదటిసారి ఉన్నదున్నట్టు చెప్తున్న, ఆగకుంట చెప్తున్న. ఇల్లు మస్తుగున్నది బిడ్డా. బయట ఎండ దంచుతున్నా లోపల సల్లగుంటది. దర్వాజ ఏస్తె సప్పుడు రాదు. నిషిత ఆ మూల నుంచి ఈ మూలకు ఉర్కుతది, దానికి ఉర్కెటంత జాగ ఇన్నేండ్లల్ల నేనియ్యలేకపోయిన. ఇందిరమ్మ వంటింట్ల పాట పాడుతున్నది. ఆమెకు పాటలొస్తయని నాకు తెల్వనే తెల్వదు. మొదటి దినం ఈ ఇంట్ల పండుకుంటె నాకు ఏడుపొచ్చింది. సంతోషానికి.

ఈ కాగితం ఆ ఆడిటరు మొఖం మీద పెట్టు. తగిలే నజర్ తగలనియ్.

నీ పెద్దనాయిన,
లింగం

తా.క.: ఇది రాసి బయటికొస్తె పిల్లి అడ్డమొచ్చింది. వాపస్ పొమ్మన్న. పోయింది.

*

పటాన్‌చెరు,
ఆగస్టు 20

పెదనాన్నకూ, ఇందిరమ్మ పెద్దమ్మకూ,

తేజస్విని పాదాభివందనాలు. నిలబడి చదవకండి, కూర్చోండి.

సునీల్‌కుమార్ గారు వచ్చారు. మొదటి ఫైలు తీశారు, పదికి పది. రెండోది, పదికి పది. అలా తీస్తూనే ఉన్నారు. అన్నీ ఒకే కలం, ఒకే చేతిరాత. కామేశ్వరరావు గారు గర్వంగా బిస్కట్లు జరిపారు. ఆడిటరు ముట్టుకోలేదు. "ఇన్ని ఇళ్లలో ఒక్క కుళాయి కూడా కారలేదా? ఒక్క తలుపూ కిర్రుమనలేదా? అసలు ఈ ఇళ్లలో మనుషులుంటున్నారా?" అని అడిగారు. కామేశ్వరరావు గారు బిస్కట్ల పళ్లెం ఇంకొంచెం దగ్గరికి జరిపారు. "వీటిలో ఒక్కటి కూడా నేను నమ్మను. సర్టిఫికెట్ మాట మర్చిపోండి" అని సంచీ సర్దుకున్నారు.

లేవబోతూ, కామేశ్వరరావు గారి కుర్చీలో దిండు కింద నుంచి ఏదో కాగితం తొంగిచూస్తుంటే లాగారు. మీ ఫైలు! ఆడిటరు కంట పడకూడదని ఉదయం నుంచీ దాని మీదే కూర్చున్నారు సారు.

సునీల్‌కుమార్ గారు, ఆరు మార్కుల దాకా ఫైల్లో ఉన్న మన ఉత్తరాలన్నీ, నా వాటి నకళ్లతో సహా చదివారు. గుమ్మడికాయ దగ్గర పడీపడీ నవ్వారు. టైలు దగ్గరికొచ్చాక నవ్వడం మానేసి నన్ను పిలిచారు. "ఇంటాయన తిట్టాడు, మీరు విన్నారు. తప్పుగా విన్నారు. మళ్లీ విన్నారు. చివరికి సరిగ్గా విన్నారు. ఈ కంపెనీలో ఒక కస్టమరు నిజంగా ఉన్నాడనడానికి ఇదొక్కటే సాక్ష్యం" అన్నారు. ఈ ఒక్క ఫైలును చూసి సర్టిఫికెట్‌కు ఒప్పుకున్నారు, మిగతా ఇళ్లన్నిటికీ వెళ్లి నిజం మార్కులు అడిగి రావాలన్న షరతు మీద. ఆ పని నాదే. నిన్ననే పర్మనెంట్ ఆర్డరు చేతికిచ్చారు.

ఇంతకీ మీ పదికి పది కాగితం. అది ఆడిట్ రోజు పొద్దున్నే అందింది. అందులో పదులున్నాయని సారుకు నోటిమాటగా చెప్పాను. మీ ఫైలు బయటపడ్డాక, దాని పైన పెట్టమని కామేశ్వరరావు గారు కళ్లతో సైగలు చేస్తూనే ఉన్నారు. నా చేయి రాలేదు. పెట్టి ఉంటే మీదీ అబద్ధాల ఫైళ్లలో కలిసిపోయేదని ఇప్పుడు తెలిసింది కానీ, అప్పుడు నేను అంత ఆలోచించలేదు. మీరు అంత భయపడి, అంత ప్రేమగా వేసిన మార్కులు కంపెనీకి ఎందుకివ్వాలి అనుకున్నాను, అంతే. అది నా దగ్గరే ఉంది. మా ఇంట్లో తప్ప బయట ఎవరూ చూడలేదు. మీ ఇంటికి కంపెనీ లెక్కలో ఇప్పటికీ ఆరే.

మీ బిడ్డ,
తేజస్విని

తా.క.: ఆ కాగితానికి ఫ్రేము కట్టించి గోడకు తగిలిద్దామనుకున్నాను. మా అమ్మ నాగరత్నం చదివి, కళ్లు తుడుచుకుని, ఒక్క క్షణం ఆలోచించి, లోపలికెళ్లి కాటుక డబ్బీ తెచ్చింది. ఇప్పుడు ఆ పదుల పక్కన, మూలగా, ఇంత లావు నల్లచుక్క ఉంది.